పాప పక్కలోని చాకు

నేను బట్టలు కుట్టేదాన్ని. కొండగట్టుకు పోయే తోవలో మా ఊరు. ముప్పై ఏళ్ళుగా జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కత్తిరించీ కత్తిరించీ నా కుడిచేతి బొటనవేలు కొంచెం పక్కకు వంగిపోయింది. బట్టలు కోసే కత్తెరతో ఇంకేదీ కోయనివ్వను. ఒకసారి మా ఆయన దానితో పాల ప్యాకెట్ కోశాడని రెండు రోజులు మాట్లాడలేదు. ఆ కత్తెర మా గడప కూడా దాటదు. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, నా జన్మలో కత్తెర నిజంగా అవసరమైన రోజున అది ఇంట్లో మిషన్ సొరుగులో ఉంది. నేను బోథ్ తోవలో నడిరోడ్డు మీద ఉన్నాను.

నా బిడ్డకు మొదటి కాన్పు మా ఇంట్లోనే అయింది. ఆడపిల్ల. మూడో నెల నిండగానే ఒడిబియ్యం పోసి తల్లినీ పిల్లనూ అత్తగారింటికి తోలాలి. వాళ్ళది బోథ్. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు, ఇంట్లో మగదిక్కు లేదు. నేను, నా బిడ్డ, మూడు నెలల పాప, మా అవ్వ, నలుగురం ఆడవాళ్ళం కారు కిరాయికి మాట్లాడుకుని బయలుదేరాలనుకున్నాం. అవ్వ అంటే నన్ను కన్న తల్లి. బాపు పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటోంది. డెబ్బై దాటింది, మోకాళ్ళు పట్టేస్తాయి, మాట తక్కువ. కానీ ఒక విషయంలో మాత్రం ఎవరి మాటా వినదు. పసిబిడ్డ పక్కలో ఇనుము ఉండాలి, ఉండాలంటే ఉండాలి. మా పాప పుట్టిన గంటకే బొంత కింద కొడవలి వచ్చి చేరింది. మూడు నెలలు అది అక్కడే ఉంది. చీపురు పట్టినప్పుడు కూడా దాన్ని జరపనివ్వలేదు.

ప్రయాణం రోజు పొద్దున్నే అవ్వకూ నా బిడ్డకూ లడాయి మొదలైంది.

"కొడవలి కార్ల పెట్టుకొని పోతరా ఎవలన్న? డ్రైవర్ బ్రేక్ ఏసిండనుకో, పాప తలకాయ ఏంగావాలె?" అంది నా బిడ్డ.

"ఇనుము లేకుండ పాపను పొలిమేర దాటనియ్య" అంది అవ్వ. అని, పాపను ఒడిలో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఇక లేవదని నాకు తెలుసు.

డ్రైవర్ బయట హారన్ కొడుతున్నాడు. సకినాల డబ్బాలు, పాప తొట్టెల, ఒడిబియ్యం మూట అన్నీ డిక్కీలో పెట్టేశాం. నాకు ఒళ్ళు మండింది. ఈ ముసల్దాని పిచ్చితో మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటామనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, మా ఆయన పోయినసారి వచ్చినప్పుడు తెచ్చిన మడత చాకు. నల్ల పిడి, వేలెడంత బ్లేడు. అక్కడ అట్టపెట్టెలు కోయడానికి జేబులో పెట్టుకునేవాడట. ఇక్కడ మామిడికాయలు కోసుకునేవాళ్ళం. అల్మారాలోంచి తీసి ఇద్దరి ముందూ పెట్టాను.

"ఇది ఇనుమే. మడతేసి ఉంటది. గుడ్డల చుట్టి బొంత కింద పెడత. ఇగ ఇద్దరు నోరు మూసుకోండ్రి" అన్నాను.

అవ్వ దాన్ని తీసుకుని గోటితో తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. లేచి కుంటుకుంటూ వెళ్ళి బావి దగ్గరి బండ మీద నూరడం మొదలుపెట్టింది. "గిప్పుడు నూరుడెందుకే?" అంటే, "మొద్దు ఇనుముకు ఏది భయపడతది?" అంది. నూరి, కడిగి, పసుపు గుడ్డలో చుట్టి పాప బొంత కింద పెట్టింది. "ఇల్లు చేరేదాక దీన్ని ఎవలు ముట్టొద్దు. తోవల దోసకాయ కోస్తమని తియ్యకుండ్రి" అని నా మొహంలోకి చూసి మరీ చెప్పింది. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నిర్మల్ దాటి, ఘాట్ ఎక్కి అవతలికి దిగేసరికి ఎండ బాగా ముదిరింది. పత్తి ఏరేసిన చేన్లు రెండు వైపులా ఎర్రగా, బోడిగా ఉన్నాయి. నేను డ్రైవర్ పక్కన కూర్చున్నాను. వెనుక సీట్లో అవ్వ ఒక పక్క, నా బిడ్డ ఒక పక్క, మధ్యలో బొంత మీద పాప. మా ముందు ఒక మోటార్ సైకిల్ పోతోంది. ఇరవై అయిదేళ్ళ లోపు జంట. ఆ పిల్ల ఎండకు తలా మొహమూ కలిపి చున్నీ చుట్టుకుని, మెడ దగ్గర రెండు మెలికలు వేసి ముడి పెట్టుకుంది. మా వైపు ఎండాకాలం బండెక్కే ఆడపిల్లలంతా అట్లాగే కట్టుకుంటారు. నా కళ్ళు ముందుగా బట్ట మీదికే పోతాయి కదా. గులాబీ రంగు జార్జెట్, పీకో చేసిన అంచు, మంచి చున్నీ. దాని కొస ఒకటి ముడిలోంచి జారి వెనుక చక్రం పక్కన ఎగురుతోంది.

ఆ బండికి చీర చక్రంలో పడకుండా వేసే జాలీ లేదు. ఈ కాలం పిల్లలు బండి కొనగానే మొదట చేసే పని అది విప్పించేయడమే. ముసలోళ్ళ బండి లెక్క ఉంటదట.

"చున్నీ చూడండ్రి" అన్నాను డ్రైవర్‌తో. అతను హారన్ కొట్టాడు. మా దగ్గర రోడ్డు మీద పోయే ఎవరైనా అట్లా చెప్పుకుంటారు, స్టాండ్ వేసే ఉందనో, చీర కొంగు జారిందనో. నేను కూడా కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఊపాను. ఆ పిల్లగాడు అద్దంలో చూశాడు. కారు దాటిపోవాలని తొందర పెడుతోందనుకున్నాడో, పందెమనుకున్నాడో, ఇంకా జోరుగా లాగించాడు. నేను చెయ్యి ఊపకుండా ఉంటే ఎట్లా ఉండేదోనని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు.

మలుపు తిరిగేసరికి బండి పక్కకు పడి ఉంది.

కారు ఆగీ ఆగకముందే నేను దిగి ఉరికాను. పిల్లగాడికి మోచేయి గీసుకుపోయింది, అంతే. ఆ పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. చున్నీ చక్రంలో, చైనులో చుట్టుకుపోయి ఆమె తలను టైరు దాకా లాగేసింది. చెంప టైరుకు ఆనుకుని ఉంది. మెడ చుట్టూ చున్నీ పలుపులా బిగుసుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. గొంతులోంచి చప్పుడు రావట్లేదు. గోళ్ళతో మెడ దగ్గర గీరుకుంటోంది. ఆ గోళ్ళకు కొత్తగా పెట్టుకున్న మైదాకు ఎర్రగా ఉంది.

పిల్లగాడు చున్నీని పట్టి గుంజుతున్నాడు. గుంజిన కొద్దీ బిగుస్తోంది. అటుగా పోతున్న ట్రాక్టర్ ఆపి ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకాయన చక్రం వెనక్కి తిప్పుదామన్నాడు. బండి గేరులో ఇరుక్కుని చక్రం కదలలేదు. బలంగా తోసేసరికి ముందుకే అంగుళం తిరిగింది, ఆ పిల్ల కాళ్ళు కొట్టుకున్నాయి. "తిప్పకుండ్రి" అని అరిచాను. ముడి విప్పుదామని చూశాను. ముప్పై ఏళ్ళుగా దారం ముడులు విప్పే వేళ్ళు ఇవి. ఆ ముడి రాయిలా ఉంది. పళ్ళతో కొరికాను. నూలు బట్టయితే ఒక్క గాటు పెడితే చాలు, సర్రున చిరుగుతుంది. జార్జెట్ చిరగదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు.

రెండో ఆయన లైటర్ తీశాడు, కాలుస్తానని. అతని చెయ్యి పట్టి ఆపాను. కాలిస్తే ఆ బట్ట కరిగి ముద్దయి చర్మానికి అతుక్కుంటుంది. "కత్తుందా ఎవరి దగ్గరన్న? బ్లేడన్న?" అని అడిగాను. ముగ్గురు మగవాళ్ళ జేబుల్లో ఫోన్లున్నాయి, తాళాలున్నాయి, తంబాకు పొట్లముంది. కోసేది ఒక్కటీ లేదు. మా డ్రైవర్ డిక్కీలోని సామాన్ల పెట్టె వెతికాడు. స్పానరు దొరికింది.

ఇప్పుడు అసలు మాట చెప్పాలి. కత్తి ఎక్కడుందో నాకు తెలుసు. ఇరవై అడుగుల దూరంలో, నా మనవరాలి బొంత కింద ఉంది. నూరి మరీ ఉంది. అది నాకు బండి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్న మొదటి క్షణంలోనే గుర్తొచ్చింది. అయినా అడగడానికి నోరు రాలేదు.

ఎందుకంటే నాకంటే ముందు అవ్వకు ఒక కొడుకు పుట్టాడు. పేరు కూడా పెట్టలేదు. తొమ్మిదో రోజు జ్వరమొచ్చి పోయాడు. ఆ పూట వాని పక్కలో ఇనుము లేకుండె, అని అవ్వ అంటుంది. అంతకంటే ఒక్క ముక్క చెప్పదు. ఎవరు తీశారో, ఎందుకు తీశారో ఎప్పుడూ చెప్పలేదు. మా నాయనమ్మ గడ్డికి పట్టుకుపోయి ఉంటుందని మేమే అనుకున్నాం. నేను పుట్టాక అవ్వ మూడేళ్ళు నా నడుముకు ఇనుప ముక్క కట్టి ఉంచిందట. నా పిల్లలప్పుడూ అంతే. నేను నమ్మను. జ్వరానికీ కొడవలికీ సంబంధమేంటని ఎన్నోసార్లు ఆమెతో కొట్లాడాను. కానీ ఆ రోడ్డు మీద, పక్కలోంచి ఆ చాకు తియ్యి అవ్వా అని ఆమెతో అనడం, నీ కొడుకును ఇంకోసారి చంపు అన్నట్టే అనిపించింది. ఒక పిల్ల ప్రాణం పోతుంటే నేను అట్లా ఆలోచిస్తూ కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు, పది లెక్కపెట్టేంత సేపు కావచ్చు.

"జరుగుండ్రి" అని వెనుక నుంచి వినిపించింది.

అవ్వ. చెప్పులు కారులోనే వదిలేసి, కాగిపోతున్న తారు మీద వట్టి కాళ్ళతో వచ్చింది. ఇంట్లో పీట మీద నుంచి లేవాలంటే నా భుజం పట్టుకునే మనిషి. చేతిలో చాకు అప్పటికే తెరిచి ఉంది.

ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. పిల్లగాడి చేతి మీద ఒక్కటి వేసింది. "గుంజకు బిడ్డా. గుంజితె చస్తది. ఇడువు" అంది. అతను వదిలేశాడు. "నువ్వు తల పట్టు. టైరు దిక్కు వొత్తు, సందు రావాలె" అని నాతో అంది. నేను ఆ పిల్ల తలను రెండు చేతులతో పట్టి టైరు వైపే నొక్కాను. దూరంగా లాగాలనే ఎవరికైనా తోస్తుంది. ఆమె చెప్పింది దానికి ఉల్టా. నొక్కగానే చున్నీ ఒక నూలుపోగంత వదులైంది.

అవ్వ గొంతు వైపు పోలేదు. మెడ వెనుక, ఎముక మీద, ఎడమచేతి రెండు వేళ్ళు బట్ట కిందికి తోసింది. తోస్తుంటే ఆమె గోళ్ళు తెల్లబడ్డాయి. ఆ రెండు వేళ్ళ మధ్య నుంచి చాకు దూర్చింది. మొద్దు వైపు ఆ పిల్ల చర్మానికి, పదును బయటికి. పైకి ఎత్తి ఒక్కసారి లాగింది, రెండోసారి లాగింది. జార్జెట్ టప్పున తెగింది.

నేను ముప్పై ఏళ్ళలో వేల గజాల బట్ట కోశాను. అట్లాంటి కోత నేను ఎన్నడూ కోయలేదు, ఎవరూ కోయగా చూడలేదు. కళ్ళప్పగించి చూశాను. ఆ పిల్ల మెడ మీద చాకు గీత ఒక్కటి లేదు. తెగింది అవ్వ వేలు. రక్తం ఆమె మణికట్టు దాకా కారుతోంది, ఆమె చూసుకోలేదు కూడా.

ఆ పిల్ల ఊపిరి పీల్చింది. ఆ చప్పుడు నాకు ఇంకా చెవిలోనే ఉంది. ఎండిన బావిలోంచి చేద లాగినట్టు కరకరమంటూ వచ్చింది. రెండోది వచ్చింది. మూడోదానికి దగ్గు వచ్చి, ఏడుపు వచ్చింది. ట్రాక్టర్ ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. పిల్లగాడు రోడ్డు మీదే కూలబడి మొహం కప్పుకున్నాడు. నీళ్ళు తాపుతామని ఎవరో సీసా తెస్తే అవ్వ తాపనివ్వలేదు, పెదవులు మాత్రం తడిపింది. ఆ పిల్ల మైదాకు చెయ్యి అవ్వ కొంగును పట్టుకుని, 108 వచ్చేదాకా వదల్లేదు.

అంబులెన్సు వెళ్ళిపోయాక అవ్వ చాకును కొంగుతో తుడిచి, మడిచి, నా చేతికిచ్చింది. "ఇది ఇగ పాపకు పనికిరాదు. రక్తమంటింది" అంది. ఆ ఒక్క మాట అన్నప్పుడు మాత్రం ఆమె గొంతు మారింది.

కారెక్కగానే పాపను తన ఒడిలోకి తీసుకుంది. వేలికి గుడ్డ కడతానంటే అటు వేలిచ్చింది కానీ పాప మీది నుంచి రెండో చెయ్యి తీయలేదు. నా బిడ్డ ఏడుస్తోంది. పొద్దున అమ్మమ్మతో అంత కొట్లాడిన పిల్ల. తర్వాత అది నాకు చెప్పింది. మేం దిగి ఉరికినప్పుడు అవ్వ కిటికీలోంచి రోడ్డు మీదికి చూసిందట. వెంటనే బొంత కింద చెయ్యి పెట్టిందట. చాకు తీస్తూ రెండో చెయ్యి పాప గుండె మీద వేసి, "గిప్పుడే వస్త తల్లీ, జర ఓర్సుకో" అందట. అంతే. ఆగింది లేదు, ఆలోచించింది లేదు.

బోథ్‌లో దిగగానే, కాళ్ళకు నీళ్ళు ఇచ్చేలోపే, అవ్వ మా వియ్యపురాలిని కొడవలి అడిగింది. ఆమె తెల్లబోయి తెచ్చి ఇచ్చింది. పాప పక్కలో పెట్టింది. అయినా వెనక్కి రానంది. "మధ్యల తీసిన గద. తొమ్మిది దినాలు చూడాలె" అంది. ఆడపిల్ల అత్తగారింట్లో మనం తిని పండుడేందని నాకు జీవితమంతా నేర్పిన మనిషి, మనవరాలి అత్తగారింట్లో తొట్టెల పక్కన చాప వేసుకుంది. పాప తుమ్మినా లేచి కూర్చునేదట. నుదురు పట్టుకుని చూస్తూనే ఉండేదట.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నేను బస్సులో పోయాను ఆమెను తీసుకురావడానికి. పాప నిక్షేపంగా ఉంది. కాళ్ళాడిస్తూ అవ్వ ముందు చాప మీద పడుకుని ఉంది. అవ్వ కళ్ళు లోపలికి పోయాయి. ఆ పిల్లగాడు మా డ్రైవర్‌కు ఫోన్ చేశాడని, ఆ అమ్మాయి ఇంటికి వచ్చిందని, గొంతు ఇంకా బొంగురుగానే ఉన్నా మాట్లాడుతోందని చెప్పాను. "మంచిగైంది" అంది.

నేను తొమ్మిది రోజులుగా దాచుకున్నది అడిగేశాను. "అవ్వా, గా కోత ఎక్కడ నేర్చినవే? వెనుక బొక్క మీద వేళ్ళు పెట్టుడు, తల టైరు దిక్కు వొత్తుమనుడు, ఎవలు చెప్పిండ్రు నీకు?"

అవ్వ పాప పాదం నిమురుతోంది.

"దూడకు" అంది.

"ఏ దూడకు?"

"మీ అన్న పుట్టిన తొమ్మిదో దినం. అందరు చేన్లకు పోయిండ్రు. నేనొక్కదాన్నే ఉన్న. కొట్టంల దూడ పలుపుల మెడ ఇరికిచ్చుకున్నది. నాలుక ఎల్లవెట్టింది. నేను గుంజిన కొద్ది బిగుసుకున్నది. ముడి రాలే. ఇంట్లకొచ్చి పోరని పక్కల కొడవలి తీసిన." ఆమె చెయ్యి పాప పాదం మీద ఆగింది. "తలకాయ గుంజ దిక్కు వొత్తి, ఎనుక నుంచి కోసిన. దూడ లేసింది. కొడవలి కడిగి మల్ల పక్కల పెట్టిన. పొద్దుగూకేసరికి పోరని ఒళ్ళు కాలవట్టింది."

"బాపుకు చెప్పినవా?" అన్నాను.

"ఎవలకు చెప్పలే."

జ్వరం కొడవలితో రాదు అవ్వా, నీ తప్పేం లేదు అని చెప్పాలనుకున్నాను. ఎన్నోసార్లు అరిచి చెప్పిన మాటే. ఈసారి అనలేదు. యాభై ఏళ్ళు పైబడి ఈ మనిషి, ఒక దూడను బతికించి కన్నకొడుకును చంపుకున్నానని నమ్ముకుంటూ మా అందరికీ వండిపెట్టింది, నా పిల్లలను సాకింది. ఆ నమ్మకంతోనే ఆ రోజు కారులో కూర్చుంది. కిటికీలోంచి అదే చూసింది, మెడ, పలుపు, గుంజే చేతులు. అడగకుండానే మళ్ళీ బొంత కింద చెయ్యి పెట్టింది. నేను గుడులకు పోయాను, కొండ మెట్లెక్కాను, దండాలు పెట్టాను. ఒళ్ళు ఇట్లా జలదరించడం మాత్రం ఎక్కడా ఎరగను. నన్ను కన్న తల్లి ముందు కూర్చుని, ఈమె ఎవరు అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా అవ్వ పాపను ఎత్తి, మరొక్కసారి నుదురు చూసి, నా బిడ్డ చేతుల్లో పెట్టింది. తొమ్మిది రోజుల్లో తనంతట తాను ఇవ్వడం అదే మొదటిసారని నా బిడ్డ అంది. "ఇగ ఫికర్ లేదు. నడువు, బస్సు పోతది" అని నా భుజం పట్టుకుని లేచింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఊరు దాటకముందే నిద్రపోయింది. నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్లలా. రోడ్డు గతుకులకు ఆమె తల కిటికీ కడ్డీకి తగలకుండా నా భుజం మీదికి లాక్కున్నాను. నిర్మల్ వచ్చేదాకా కదలకుండా అట్లాగే కూర్చున్నాను.